సగం మందు పంచుకున్న కాలనీ

రాయ్‌పూర్‌లో చూడదగ్గదేమిటని అడిగినవాళ్ళకల్లా గాజు పళ్ళెం అని చెప్తున్నాను. ఏ మ్యూజియంలోదో అనుకుంటున్నారు. కాదు. ఆస్పత్రి ల్యాబులో ఉండేది, అరచేతిలో పట్టేది. దాని మీద మా చెల్లెలి రక్తంలోంచి మొలిచిన సూక్ష్మజీవులు, వాటి మధ్య మందు అద్దిన చిన్న చిన్న కాగితం బిళ్ళలు. ఆ పళ్ళెం చూసినప్పుడు వచ్చిన కోపం ఇంటికొచ్చి ఇన్నాళ్ళైనా తగ్గలేదు. తగ్గకముందే రాసేద్దామని కూర్చున్నాను. తగ్గాక రాస్తే మర్యాదగా రాస్తాను, అది ఎవరికీ పనికిరాదు.

రాయగడ దాటాక

విజయనగరంలో రైలెక్కేటప్పటికి నాకు తెలిసింది ఇంతే: మా చెల్లెలు శారదకు టైఫాయిడ్, మూడో వారం నడుస్తోంది, మందులు వేస్తున్నా జ్వరం దిగడం లేదు. మా మరిది భాస్కరం రాయ్‌పూర్ రైల్వేలో గుమాస్తా. ఫోనులో "కంగారేం లేదు వదినగారూ, మీరోసారి వస్తే బాగుంటుంది" అన్నాడు. కంగారు లేనప్పుడు మా మరిది ఫోను చెయ్యడు.

ఆ దారి వెళ్ళనివాళ్ళు వెళ్ళి చూడాల్సిన దారే. రాయగడ దాటాక కొండలు రైలు మీదికి వంగినట్టుంటాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు, పెద్దలు సామాను తడుముకుంటారు. తిట్లాగఢ్‌లో ఆకుదొన్నెలో బరా, బఠాణీల కూర అమ్ముతున్నారు. బరా అంటే మన గారే గాని అల్లం లేదు, మిరియం లేదు. గారెకు జ్వరం వచ్చి లేచినట్టుంది. ఆకలి మీద రెండు తిన్నాను.

ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి భీమవరం వైపు రాజుగారు. రాయ్‌పూర్ దగ్గర మందిర్ హసౌద్‌లో కోళ్ళఫారం పెట్టి బాగా స్థిరపడ్డారు. స్టీలు డబ్బా విప్పి ఉడికించిన గుడ్లు మా రైలుపెట్టెలో అందరికీ పంచారు. మా చెల్లెలు ఫలానా రైల్వే కాలనీలో ఉంటుందంటే ముఖం వెలిగిపోయింది.

"ఆ కాలనీకి గుడ్లు మా బండే వేస్తుందండి. మా కోళ్ళకి జబ్బన్నదే తెలీదండి."

"అయితే మీకు మందుల ఖర్చే లేదన్నమాట."

"అబ్బే, మందు వేస్తేనే గదండీ జబ్బు రాదు! రోజూ మేతలో కలిపేస్తామండి. బరువు కూడా బాగా వస్తాయండి. ఇదిగోండి, ఈ సంచీ నిండా అదే." కాలితో సీటు కింద సంచీని తట్టారు. "టెట్రాసైక్లిన్ పౌడరండి."

"జబ్బు లేని కోడికి రోజూ మందెందుకండీ?"

"మీరు రోజూ పళ్ళు తోముకుంటారా, పుచ్చిపోయాక తోముకుంటారాండి?"

పెట్టె పెట్టంతా నవ్వింది. నేను జువాలజీ చదివిన మనిషిని, నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఈ ప్రయాణంలో నాకు వచ్చిన మొదటి కోపం అదీ. రాజుగారు మందిర్ హసౌద్‌లో దిగుతూ "మీ చెల్లెలుగారికి నయమయ్యాక ఇద్దరూ మా ఫారానికి రావాలండి" అని మరీ మరీ చెప్పి వెళ్ళారు.

రైల్వే కాలనీ

మా ఊళ్ళో కొత్తమనిషిని "ఎవరమ్మాయివి?" అని అడుగుతారు. ఇక్కడ తెలుగువాళ్ళు "ఏ డిపార్ట్‌మెంటు?" అని అడుగుతారు. ఆటో దిగి ఇంటి గుమ్మం ఎక్కేలోగా నలుగురు అడిగారు. చెల్లెలికి ఒంట్లో బాగాలేక వచ్చానంటే "అయ్యో, ఫికర్ పడకండి, ఈ సీజన్లో అందరికీ బుఖారే" అన్నారు. బుఖారంటే జ్వరం.

శారద మంచానికి అంటుకుపోయి ఉంది. పెదాలు పగిలాయి. నన్ను చూసి మొదట అన్న మాట, "కుర్సీ లాక్కుని కూచో అక్కా. భోంచేశావా?"

నేను మందుల సంగతి అడిగాను. భాస్కరం ఒక్కొక్కటే చెప్పాడు. మొదట కాలనీ డిస్పెన్సరీలో ఇచ్చిన క్లోరాంఫెనికాల్. అది పనిచేయక శంకర్ నగర్‌లో ఒక ప్రైవేటు డాక్టరు రాసిన ఆంపిసిలిన్. ఆయన చెయ్యి పట్టుకుని చూశాడు, నాలుక చూశాడు, రక్తం మాత్రం చూడలేదు. అంతకుముందు, వానాకాలం మొదట్లో కూడా ఒకసారి ఇలాగే జ్వరం వచ్చిందట. తగ్గిందట.

"అప్పుడు మందు పూర్తిగా వాడావా?"

శారద దేవుడి గూటి పక్కకు చూసింది. అక్కడ బిస్కెట్ల రేకు డబ్బా ఒకటుంది. మూత తీశాను. సగం కత్తిరించిన మందు పట్టీలు, రంగురంగుల గొట్టం మాత్రలు, కాగితంలో చుట్టిన బిళ్ళలు. పేర్లు చిరిగిపోయినవి చాలా.

అది కాలనీ డబ్బా. కాపలా మా చెల్లెలు. రైల్వే కార్డున్న కుటుంబాలకు మందులు ఉచితంగా వస్తాయి. వెనక లైన్లలో గుడిసెలు వేసుకున్నవాళ్ళు, పార్సిలు కూలీలు, భన్‌పురి ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసే శ్రీకాకుళం మనుషులు, వాళ్ళకు కార్డు లేదు. అందుకని కార్డున్న ఇంట్లో ఎవరికైనా జ్వరం దిగగానే, మిగిలిన మందు తెచ్చి ఈ డబ్బాలో వేస్తారు. కార్డు లేనివాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. ఏళ్ళ తరబడి నడుస్తున్న ఆచారం.

"మన మిగులు వాళ్ళకి, అంతే వదినగారూ," అన్నాడు భాస్కరం.

"మిగులుతోందా, మిగులుస్తున్నారా?"

ఇంకో మాట కూడా అక్కడే విన్నాను. పక్కింటావిడ ఎవరి గురించో చెప్తోంది: "జ్వరం తగ్గాక కూడా వారం మింగిందమ్మా, ఎంత కక్కుర్తో!" ఆ కాలనీలో మందు చివరిదాకా వాడినవాళ్ళు స్వార్థపరులు. సగంలో ఆపినవాళ్ళు ధర్మాత్ములు. నేను చాలా ఊళ్ళు తిరిగాను, చాలా రకాల తెలివితక్కువతనం చూశాను. ఇంత మంచి మనసుతో చేసే తెలివితక్కువతనం ఎక్కడా చూడలేదు. పిసినారులైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. వీళ్ళను తిట్టడానికి కూడా నోరు పూర్తిగా రాదు.

మర్నాడు పెద్దాస్పత్రి ల్యాబుకు తీసుకెళ్ళి రక్తం ఇప్పించాను. అక్కడి డాక్టరమ్మ మరాఠీ ఆవిడ, ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉంటుంది. వాడిన మందుల పేర్లు విని కళ్ళజోడు తీసేసింది. "ఇన్ని మందులు తాగిన రక్తంలో కూడా అది మొలిస్తే, ఆ మందులు దానికి అన్నం కింద లెక్క" అంది. మొలవడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆగమంది.

మందిర్ హసౌద్

ఆగడం నాకు చేతకాదు. శారద రోజూ గుడ్డు తినేది, ఆ గుడ్లు రాజుగారివి. ఆయన కోళ్ళు రోజూ మందు తింటున్నాయి. నా బుర్రలో కేసు తేలిపోయింది. టెంపో ఎక్కి మందిర్ హసౌద్ వెళ్ళాను.

రాజుగారు ఆప్యాయంగా పలకరించి, కుర్చీ వేసి, గుడ్ల పులుసు తెప్పించారు. నేను ముట్టలేదు. షెడ్ల వెనక గొయ్యి, గోతిలో సున్నం, సున్నం కింద చచ్చిన కోళ్ళు.

"జబ్బన్నదే తెలియదన్నారు?"

"ఈ ఏడేనండి," గొంతు తగ్గించారు. "పౌడరు మునుపట్లా లాగట్లేదండి. డబుల్ చేశాను. అయినా పోతున్నాయండి."

"పళ్ళు డబుల్ తోముతున్నారన్నమాట."

ఈసారి నవ్వడానికి పెట్టె లేదు. ఆయనా నవ్వలేదు. "మా చెల్లెల్ని మీ గుడ్లే పడుకోబెట్టాయి, తెలుసా?" అన్నాను. ఆయన ముఖం తెల్లబోయింది. "అలాగనకండి అక్కయ్యగారూ. ఆ గుడ్లే నా మనవరాలూ తింటోందండి." అయితే ఒక చచ్చిన కోడిని ఇమ్మన్నాను, పరీక్ష చేయిస్తానన్నాను. మారు మాట్లాడకుండా పాలిథీన్ సంచుల్లో ఒకదాన్లో ఒకటి పెట్టి కట్టిచ్చారు.

తిరుగు ప్రయాణం మీకు చెప్పకపోతేనే మంచిది గాని చెప్తాను. టెంపోలో నా పక్కన కూర్చున్న ఛత్తీస్‌గఢీ ముసలావిడ సంచీ వైపు ముక్కు తిప్పి "కా హే దాయీ?" అంది. ఏమిటమ్మా అని. పరీక్షలు రాసి పాసైన నా హిందీలో "మరీ హుయీ ముర్గీ" అన్నాను, చచ్చిన కోడి అని. టెంపో ఆగింది. నన్నూ కోడినీ దించేసి వెళ్ళిపోయింది. మిగతా దారి గడ్డి వేసుకెళ్ళే ఎడ్లబండి మీద వచ్చాను. బండివాడు మాత్రం చచ్చిన కోడిని వండుకోడానికి అడిగాడు. ఇవ్వనన్నందుకు పిసినారిదానన్నాడు.

గాజు పళ్ళెం

"ఇది మనుషుల ఆస్పత్రి" అని డాక్టరమ్మ అరిచింది. నేనూ అరిచాను. ఇద్దరం అరిచాక కోడిని తన స్నేహితురాలైన పశువుల డాక్టరుకు పంపింది. అలా అరవగలిగినవాళ్ళతోనే నాకు కుదురుతుంది.

కొన్నాళ్ళకు పిలిచి నాకు రెండు పరీక్షలూ చూపించింది. ముందు ఒక గాజు పలక మీద శారద సూక్ష్మజీవుల్ని నీళ్ళలో కలిపి, దాని పక్కన ఒక సీసాలోంచి చుక్క వేసి, పలకను అటూ ఇటూ ఊపింది. పాలు విరిగినట్టు చిన్న చిన్న రేణువులు పేరుకున్నాయి.

"ఈ తెగలో వందల రకాలున్నాయి," అంది. "చూపుకు అన్నీ ఒకటే. ఏ సీసా చుక్కకు విరుగుతుందో దాన్నిబట్టి రకం తెలుస్తుంది. మీలో ఇంటిపేరు అడుగుతారే, అలాగ. మీ చెల్లెలిది టైఫాయిడ్ రకం. ఇది మనుషుల్లోనే బతుకుతుంది. కోడికి రాదు. కోడిది అదే తెగ, వేరే రకం. అది కోళ్ళనే చంపుతుంది. రెంటికీ వచ్చేవి వేరే ఉన్నాయి. అవి ఇవి కావు."

"అంటే రాజుగారి గుడ్లు..."

"మీ చెల్లెలి జ్వరానికి గుడ్డు దోషి కాదు. మనిషి నుంచే వచ్చింది. మీ కాలనీ నీళ్ళు, మీ కాలనీ చేతులు."

పోట్లాడిన మనిషికి ప్రత్యర్థి మాయమైతే ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అప్పుడు ఆవిడ రెండు పళ్ళేలూ పక్కపక్కన పెట్టింది. ఒకటి శారదది, ఒకటి కోడిది. మందు పనిచేస్తే ఆ కాగితం బిళ్ళ చుట్టూ ఏమీ మొలవదు, ఖాళీ వలయం ఏర్పడుతుంది. శారద పళ్ళెంలో క్లోరాంఫెనికాల్ బిళ్ళను ఆనుకుని మొలిచాయి. ఆంపిసిలిన్‌ను ఆనుకునీ మొలిచాయి. కోడి పళ్ళెంలో టెట్రాసైక్లిన్ బిళ్ళ అంచుదాకా దట్టంగా మొలిచాయి, పచ్చికలో రాయి పెట్టినట్టు.

"రకాలు వేరు. బుద్ధి ఒకటే," అంది డాక్టరమ్మ. "అక్కడ జబ్బు లేనిదానికి రోజూ కొంచెం పెట్టారు. ఇక్కడ జబ్బున్నదానికి సగం పెట్టారు. చావని మోతాదు పెడితే ఏది మిగులుతుంది? మందును ఓర్చుకున్నదే మిగులుతుంది. దానికి పిల్లలు పుడతాయి."

శారద పళ్ళెంలో ఒక్క బిళ్ళ చుట్టూ మాత్రం వెడల్పాటి ఖాళీ వలయం ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్. ఈమధ్యనే వచ్చిన మందు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, చెప్పినన్ని రోజులూ, జ్వరం తగ్గినా సరే. ఆవిడ వేలు నా ముక్కు దాకా వచ్చింది. "దీని తర్వాత మన దగ్గర పెద్దగా ఏమీ లేదు. గుర్తుంచుకోండి."

పైడమ్మ తెచ్చిన ఫరా

జ్వరం దిగింది. శారద లేచి కూర్చుంది, చారన్నం అడిగింది. భాస్కరం గడ్డం గీసుకున్నాడు. నేను తిరుగు టిక్కెట్టు గురించి మాట్లాడాను కూడా.

అప్పుడొచ్చింది పైడమ్మ. వెనక లైనులో ఉంటుంది, టెక్కలి వైపు మనిషి. మొగుడు అప్పన్న భన్‌పురిలో ఇనుప చువ్వల మిల్లులో కాంట్రాక్టు కూలీ. పళ్ళెం నిండా ఫరా తెచ్చింది. అన్నం, బియ్యప్పిండి కలిపి వేళ్ళంత ఒత్తి ఆవిరి పెట్టి తిరగమోత వేస్తారు, ఈ దేశపు వంట. బాగుంది. తింటూ ఉండగా పైడమ్మ చేతులు జోడించింది.

"మీ సెల్లమ్మగారి దయ అమ్మా. ఆ కొత్త బిళ్ళలేసినకాడ్నించి మా ఆయనకి సెమట పట్టేసింది. పొద్దుటేల ఒకటే ఏత్తన్నాడు."

నా నోట్లో ఫరా అలాగే ఉండిపోయింది. శారద వైపు తిరిగాను. సాయంత్రం బిళ్ళ మింగుతున్నట్టు నా ఎదుటే నీళ్ళు తాగే మనిషి!

పైడమ్మ వెళ్ళేదాకా కూడా ఆగలేదు నేను. "నీకు బుద్ధుందా?" అన్నాను.

"నాకు తగ్గింది అక్కా. అతనికి తగ్గలేదు."

"నీకు తగ్గలేదు, దాక్కుంది! సగం నువ్వూ సగం అతనూ మింగితే ఇద్దరిలోనూ అది బతికి, ఇంకా బలిసి..."

"అతనికి ముగ్గురు పిల్లలు. కార్డు లేదు. డబ్బా నా ఇంట్లో పెట్టుకుని, కొత్త మందు గుప్పిట్లో దాచుకుని, లేదు పొమ్మని ఎలా అనను? నువ్వు అనగలవేమో. నువ్వు ఏదైనా అనగలవు."

భాస్కరం మధ్యలో దూరాడు. "కాలనీలో తలెత్తుకు తిరగాలి కదా వదినగారూ."

"తలెత్తుకుని తిరగడానికి ముందు మనిషి లేచి నిలబడాలి బాబూ."

పైడమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది. "అయితే మా ఆయన్నేటి సేసుకోమంటారమ్మా?" అని అడిగింది. తిట్టడం కాదు, ఏడవడం కాదు, నిజంగానే అడిగింది.

మళ్ళీ పళ్ళెం

ఆ వారంలోనే శారదకు మళ్ళీ చలిజ్వరం తిరగబెట్టింది. ఈసారి లేచి మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. భాస్కరం నా ముఖం చూడలేదు. నేను మిల్లుకు వెళ్ళి, షిఫ్టులో ఉన్న అప్పన్నను బయటికి రప్పించాను. ఆ వేడిలో, ఎర్రటి చువ్వల మధ్య, ఒంట్లో జ్వరంతో పనిచేస్తున్నాడు. ఒక పూట మానేస్తే పేరు కొట్టేస్తారట. మేస్త్రీతో నేను మాట్లాడిన మాటలు ఇక్కడ రాయను, పత్రికవాళ్ళు వేసుకోరు.

ఇద్దరినీ డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను. అప్పన్న రక్తంలో ఏమీ మొలవలేదు. జబ్బు లేక కాదు, సగం మందు దాన్ని చంపక, మొలవనివ్వక దాచిపెట్టింది. శారద రక్తంలో మొలిచింది. డాక్టరమ్మ పాత పళ్ళెం బొమ్మనూ కొత్త పళ్ళేన్నీ నా ముందు పెట్టింది. సిప్రోఫ్లాక్సాసిన్ చుట్టూ వలయం ఉంది. కానీ చిన్నదైంది.

"ఇంకా మాట వింటోంది," అంది ఆవిడ. అరవలేదు. ఆవిడ అరవకపోయేసరికి నాకు భయం వేసింది. "ఇప్పుడు పూర్తిగా వాడితే వింటుంది. ఇంకోసారి ఇలా చేస్తే వినదు. ఇద్దరికీ పూర్తి మందు, ఎవరి మందు వాళ్ళకు."

అప్పన్న మందు నేను కొని తెచ్చాను. ఆ సంగతి అంతే.

వరండా

ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకునే జనానికి నేనొక ఉపాయం చేశాను. ఉదయం, సాయంత్రం అప్పన్న మా వరండాలోకి రావాలి. శారదా రావాలి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి నోరు ఒకరు చూస్తూ మింగాలి. ఆమె మింగందే అతను మింగకూడదు, అతను మింగందే ఆమె. ఎవరైనా ఒకరు మానేస్తే రెండోవాళ్ళ ప్రాణం మీదికి తెచ్చినట్టు. మొహమాటంతో చచ్చే కాలనీ కదా, ఆ మొహమాటాన్నే కాపలా పెట్టాను.

కాలనీలో నన్ను రాక్షసి అన్నారు. పక్కింటావిడ గోడ మీంచి "జ్వరాల్లేకపోయినా తింటన్నారు, మజాగానే ఉంది" అని వినేలా అంది. "మీకూ జ్వరం రాగానే చెప్పండి, మీకూ కుర్చీ వేస్తాను" అన్నాను. శారద నాతో మాట్లాడడం మానేసింది. మింగేది, నోరు తెరిచి చూపించేది, లోపలికి పోయేది.

జ్వరం దిగాక కూడా మింగారు. ఒళ్ళు కుదుటపడ్డాక కూడా మింగారు. ఆఖరి బిళ్ళ రోజున అప్పన్న మింగి, నాలుక బయటపెట్టి, "అయిపోనాదమ్మా, ఇక్కడికి రాకపోతే పొద్దు పోదు" అని నవ్వాడు. డబ్బాలోవన్నీ నేను అప్పటికే గొయ్యి తీసి పాతేశాను. శారద అభ్యంతరం చెప్పలేదు. ఒప్పుకున్నట్టూ కాదు.

అప్పుడే వెనక లైను నుంచి మరొకావిడ వచ్చింది. చంకలో చిన్న కూతురు, కళ్ళు మూతలు పడుతున్నాయి, చెయ్యి వేస్తే కాలుతోంది. "డబ్బాలో ఏదైనా ఉంటే ఇవ్వండమ్మా."

శారద నా వైపు చూసింది. ఆ చూపు కోపమే. మందులన్నీ పాతేశావు కదా, ఇప్పుడు చెప్పు అన్న కోపం. ఆ పిల్లకు ఇవ్వడానికి నా దగ్గర ఉపన్యాసం తప్ప ఏమీ లేదు.

"డబ్బా లేదు," అంది శారద ఆవిడతో. "పద, నేనొస్తాను." గోడ పట్టుకుని చెప్పులేసుకుంది.

కాలనీ డిస్పెన్సరీ నాలుగడుగుల్లోనే. కిటికీ దగ్గర కాంపౌండరు కార్డు అడిగాడు. శారద తన కార్డు ఇచ్చింది. పిల్ల పేరు ఇందులో లేదు, రూల్ ఒప్పుకోదన్నాడు. నేను నోరు తెరిచాను.

"నువ్వు మాట్లాడకక్కా. నీ హిందీ వింటే ఇచ్చేవాళ్ళు కూడా ఇవ్వరు."

అని, కిటికీకి అడ్డంగా స్టూలు లాక్కుని కూర్చుంది. నిలబడే ఓపిక ఇంకా లేదు. వెనకాల వరస పెరుగుతోంది, "అరే హటో బహన్‌జీ" అని జరగమంటున్నారు. శారద హిందీ నా హిందీలా పరీక్ష రాసిన హిందీ కాదు, ఇరవయ్యేళ్ళు కుళాయి దగ్గర పోట్లాడిన హిందీ. నాకు అర్థమైనంతవరకు తెలుగులో రాస్తున్నాను.

"రూలు మీకుంది, జ్వరానికి లేదు. అది కార్డు అడిగి ఎక్కట్లేదు. ఈ పిల్లకు ఈరోజు మందు వద్దు. రక్తం తీసి ల్యాబుకు పంపండి, ఏ మందో అక్కడ చెప్తారు. అది నేను తెచ్చుకుంటాను. మీరు తీసేదాకా నేను లేవను. లేస్తే పడిపోతాను, అప్పుడు నన్ను మీరే లోపల పడుకోబెట్టాలి. నాకు కార్డుంది."

మా ఇంట్లో కోపం నా ఒక్కదానికే పంచిచ్చారనుకునేదాన్ని. కాంపౌండరు శారద వంక చూశాడు, నా వంక చూశాడు, పెరుగుతున్న వరస వంక చూశాడు. గొణుక్కుంటూ లోపలికెళ్ళాడు. బీరువా తలుపు తీసిన చప్పుడు, సూదుల ట్రే లాగిన చప్పుడు వినిపించాయి. శారద స్టూలు మీంచి లేవలేదు. పిల్ల చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, చొక్కా చెయ్యి పైకి మడుస్తోంది.